మూడో నంబరు రాయి

ముందే చెప్పేస్తాను,
మేమేమీ ఆనకట్టల మీద ప్రేమతో పార్కుకి వెళ్లలేదు.
డాక్టరు నడవమన్నాడు, వెళ్లాం.
పర్లాకిమిడిలో షుగరున్న వాళ్లందరూ
తెల్లారగట్ల ఏటివార పార్కులో కలుస్తారు,
తెలుగు మోకాళ్లూ ఒడియా మోకాళ్లూ
ఒకే రకంగా మూలుగుతూ.

పార్కు మధ్యలో కొండగెడ్డ.
గెడ్డకి అడ్డంగా మూడు రాతికట్టలు.
ఎవరు కట్టించారో ఏ రాతిమీదా రాసిలేదు.
పెద్దది, నడిపిది, చిట్టిది అంటాం
ఇంట్లో ఆడపిల్లల్ని పిలుచుకున్నట్టు.
నాకు ఈతొచ్చింది నడిపిదాని వెనక మడుగులో.

ఓ పొద్దున్న బిసోయి మాస్టారు నడక ఆపి
చెప్పు విడిచి, కట్టకి అరికాలు ఆనించి
"చెమ్మగా ఉందోయ్" అన్నాడు.
ఆ పాదానికి తెలిసిన సంగతి
మున్సిపాలిటీ ఫైలుకి తెలియడానికి
పధ్నాలుగు నెలలు పట్టింది.
తెలిశాక రాసిన మందు:
మూడు కట్టలకీ ఎర్రరంగు ఇంటూ గుర్తు,
గేటు దగ్గర రాబోయే ఫౌంటెను బొమ్మ.

అర్జీ పెట్టాం.
ఒడియాలో ఆనకట్టని బొంధొ అంటారు.
బొంధొ తెగిపోతోందని మాస్టారు రాస్తే
లోపల తెలుగులో చదువుకుని
కాసేపు మాటరాక కూచున్నాను.
కింద సంతకాలు: గుండ్రటి తెలుగు,
గొడుగులు పట్టుకున్న ఒడియా,
కొండదిగి వచ్చిన సవరల వేలిముద్రలు.

పాణిగ్రాహి, కుర్ర ఇంజనీరు,
కాగితం రెండుసార్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"సిమెంటుకి బడ్జెట్టుంది, సున్నానికి లేదు.
మే నెలాఖరు దాకా నేనిటు రాను."
మాకు దొరికిన ఆర్డరు అంతే.

గంటా దాలమ్మకి డెబ్బయ్యారు.
వాళ్లయ్యది గానుగ సున్నం పని.
పాళ్లు ఎక్కడైనా రాసున్నాయా అనడిగితే
"రాతేటి, నాలిక మీదుంది" అని
తడి సున్నం చిటికెడు నాలిక్కి తాకించి, ఉమ్మేసి,
"ఇంకా మండతంది. మూడ్రోజులు మురగనీ" అంది.
కరక్కాయలు సుంబారి గమాంగో గోనెతో దింపింది.
డబ్బులిస్తే లెక్కపెట్టుకుని సగం వెనక్కిచ్చింది.
చిట్టిదాని దిగువన తమ్ముడి మడి ఉందట.
బెల్లం బజారు నుంచి పదహారు కిలోలు బయల్దేరి
పన్నెండే చేరింది.
మోసింది పిల్లలు మరి.
దాలమ్మ వాళ్ల మూతులు చూసింది, తిట్టలేదు.
"కట్ట తిన్నా గుంటలు తిన్నా
గట్టిపడ్డానికే గదా."

పెద్దదీ చిట్టిదీ అయ్యేసరికి మే అయిపోయింది.

జూలైలో మూడు రాత్రులు వాన.
టార్చిలైట్లతో గట్టున నిలబడ్డాం,
పొద్దున్న నడవలేని వాళ్లు కూడా.
పెద్దది ఆగింది.
చిట్టిది మునిగి, మళ్లీ తేలింది.
నడిపిది పోయింది.
ఎప్పుడో ఎవరో సిమెంటు పూసి బాగుచేశారు దాన్ని.
సరిగ్గా ఆ పూత అంచునే విరిగింది.
చప్పుడు పెద్దగా రాలేదు.
నేను వెనక్కి తిరిగి
ఎవరి గొడుగో సరిచేస్తున్నట్టు నటించాను.

వాన వెలిశాక గెడ్డలోకి దిగాం.
చెక్కిన రాళ్లు రెండువందల పదకొండు దొరికాయి.
వచ్చే వేసవికి పనికొస్తాయని
ఒడ్డున పేర్చి నంబర్లు వేశాం,
ఇంటూ గుర్తులు పెట్టగా మిగిలిన ఎర్రరంగుతోనే.
డబ్బా పంపిందెవరో అడక్కండి.
నావి చిన్నప్పటి తెలుగంకెలు,
మాస్టారివి ఒడియా,
సుంబారి చుక్కలు పెట్టుకుంటూ పోయింది.

మూడో నంబరు రాయి దగ్గర తగువు.
నేను రాశానని నేను, తను రాశానని మాస్టారు.
తెలుగు మూడూ ఒడియా మూడూ
దాదాపు ఒకటేలా ఉంటాయి,
తడిలో మరీను.

దాలమ్మ వచ్చి ఆ రాయిమీదే చతికిలబడింది.
"ఎవుడు రాత్తేనేటి,
ఇది అడుగు వరస రాయి.
ముందిదే ఎయ్యాల."
టీ వచ్చేదాకా లేవలేదు.
లేచాక చూస్తే
చీర వెనక ఎర్రగా, తిరగబడి,
ఏ భాషదో తెలియని మూడు.